సారథి లేని సరకు బండి

లారీ తనంతట తాను నడచుట నేర్చినచో, లారీ నడుపువాని గతి యేమి? బెంగళూరులో ఈ ప్రశ్న రెండు తావులలో వినబడుచుండును. ఔటర్ రింగు రోడ్డు వెంబడి వెలసిన అద్దాల మేడలలో సాఫ్ట్‌వేరు కొలువు చేయువారు దీనిని కుతూహలముతో అడుగుదురు. యశవంతపురమునందలి దేవరాజ అరసు ట్రక్కు టెర్మినలులోను, నెలమంగల దిక్కుగా తుమకూరు రోడ్డు పొడవునను బారులు దీరి నిలిచిన లారీల నీడలో, రిటర్ను లోడు కొరకు ఎదురుచూచుచు కూర్చుండు అనంతపురము, కర్నూలు, చిత్తూరు జిల్లాల డ్రైవర్లు దీనినే బెదరుతో అడుగుదురు.

లోకములో దీనికి రెండు సమాధానములు ప్రచారమున నున్నవి. పదేండ్లలో డ్రైవరనువాడే కనబడడని ఒకటి; మన దేశపు రోడ్ల మీద ఇది యెన్నటికిని సాగదని రెండవది. రెండును తొందరపాటు మాటలే యని నా యభిప్రాయము. యంత్రము చేయగలిగిన దేమో ముందు తెలిసికొని, డ్రైవరు నేడు చేయుచున్న దేమో పిమ్మట లెక్కించి చూచినగాని ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పరాదు. మొదటి లెక్కను వేయువారు చాలమంది కలరు. రెండవ లెక్కను వేయువారు అరుదు. చిక్కంతయు అచ్చటనే యున్నది.

యంత్రము రోడ్డు నెట్లు చూచును?

డ్రైవరు లేని లారీకి కన్నులు మూడు విధములు. మొదటిది కెమెరా. రంగును, గీతను, బోర్డు మీది అక్షరమును పోల్చుకొనుటలో దీనికి సాటి లేదు గాని, ఎదుటి బండి హెడ్‌లైటు సూటిగా పడినను, చీకటి దట్టమైనను ఇది తబ్బిబ్బు పడును. రెండవది రాడారు. ఇది రేడియో తరంగములను ముందునకు పంపి, తగిలి తిరిగివచ్చిన వానిని పట్టి, ఎదుటి వస్తువు ఎంత దూరమున నున్నదో, ఎంత వేగముతో దగ్గరకు వచ్చుచున్నదో లెక్క గట్టును. వానయు మంచును దీనిని అంతగా బాధింపవు, అయితే ఎదుట నున్నది ఎద్దో, ఎద్దుబండియో విడదీసి చెప్పుట దీనికి కష్టము. మూడవది లైడార్ అను కాంతిమాపకము. కంటికి కనబడని కాంతి తునకలను సెకనుకు లక్షల కొలది చుట్టును చిమ్మి, ఒక్కొక్క తునక తిరిగివచ్చుటకు పట్టిన కాలమును బట్టి, చుట్టునున్న వస్తువుల ఆకృతిని చుక్క చుక్కగా ఇది నిర్మించుకొనును; దుమ్మును, కుంభవృష్టియు దీనికి శత్రువులు. ఒకదాని లోపమును మరియొకటి పూరించుటకై మూటిని కలిపి వాడుదురు. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవు లారీ ఒక్క సెకనులో 22 మీటర్లు ముందునకు సాగును. నిండు బరువుతో నున్నప్పుడు అది కారువలె అప్పటికప్పుడు ఆగదు. కావున కారు కంటె లారీ మరింత దూరము చూడవలసి యుండును.

ఇంతవరకును పనిముట్ల మాట. అసలు కష్టము పోల్చుకొనుటలో నున్నది. పూర్వము చేటలో బియ్యము పోసికొని రాళ్లేరుచుండిన గృహిణి నడిగి, రాయి యనగా నేమో నిర్వచింపుమన్నచో ఆమె చెప్పలేకపోవును. కాని ఆమె వ్రేలు తప్పక రాయి మీదనే వ్రాలును. ప్రక్కన కూర్చుండిన కూతురును సూత్రములు నేర్వదు. తల్లి రాయిని, మట్టిగడ్డను, గింజను వేనవేలు మారులు వేరు చేయుచుండగా చూచి చూచి, ఒకనాటికి తానును ఏరగలుగును. నేటి యంత్రవిద్య యంతయు ఈ కూతురి చదువే. మనుష్యులు వేలకొలది, లక్షలకొలది ఛాయాచిత్రములను ముందిడుకొని, ఇది బస్సు, ఇది బాటసారి, ఇది రోడ్డు అంచు అని గీతలు గీచి పేర్లు వ్రాసి యిత్తురు. వానిని చూచి చూచి, పేరు పెట్టని క్రొత్త చిత్రములోను అవే వస్తువులను గుర్తించుట యంత్రమునకు అలవడును. చిక్కెప్పుడు వచ్చుననగా, ఆ కూతురు అత్తవారింటికి పోయినపుడు. అక్కడి మిల్లు వేరు, నేల వేరు, బియ్యములో వచ్చు రాళ్ల రంగు వేరు. పుట్టింట తెల్లరాళ్లు మాత్రమే యేరి అలవాటు పడిన కంటికి ఎర్రబియ్యములోని ఎర్రరాయి గింజగానే తోచును. లోపము తెలివిలో లేదు, చూచినదానిలో నున్నది.

2016లో వెలువడిన సిటీస్కేప్స్ అను చిత్రసంకలనము ప్రధానముగా జర్మనీ నగరముల వీథులలో తీసినది. లోకములోని పరిశోధకులు చాలమంది తమ యంత్రములకు దానితోనే చదువు చెప్పిరి. ఆ సంకలనములో ఆటోరిక్షాకు చోటు లేదు. ఈ కొరతను గ్రహించి, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఇంటెల్ సంస్థతో కలిసి, హైదరాబాదు, బెంగళూరు నగరములలోను వాని శివారులలోను కెమెరా నెక్కించిన కారును త్రిప్పి, 10,000 చిత్రములను ఏరి, 34 తరగతులుగా పేర్లు పెట్టి, ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ అను సంకలనమును 2018లో ప్రకటించిరి. ఇందులో ఆటోరిక్షాకు ఒక తరగతియు, జంతువులకు ఒక తరగతియు కలవు. అంతకంటె విశేషమైనది మరియొకటి కలదు: రోడ్డు గాకపోయినను అవసరమైనచో బండి దిగదగిన ప్రక్కనేలకు ఒక పేరును, దిగరాని ప్రక్కనేలకు ఇంకొక పేరును వారు పెట్టవలసి వచ్చినది. జర్మనీలో రోడ్డు ఎచ్చట ముగియునో అంచు చెప్పును. మన యూళ్లలో ఆ సంగతి డ్రైవరు నిర్ణయించుకొనవలసినదే.

ఇది మన దేశమునకే పట్టిన తెగులు గాదు. స్వీడనులో దుప్పులను గుర్తించుట నేర్చిన వోల్వో కంపెనీ యంత్రము, ఆస్ట్రేలియాలో కంగారూను చూచి దూరమును పొరబడినట్లు 2017లో వార్త వచ్చినది. జంతువు గాలిలోనికి ఎగిరినపుడు దూరముగను, నేలకు దిగినపుడు దగ్గరగను ఉన్నట్లు దానికి తోచెనట. 2018 మార్చిలో అమెరికాలోని టెంపి నగరమున, సైకిలును చేతితో నడిపించుకొనుచు రాత్రివేళ రోడ్డు దాటుచున్న స్త్రీని ఉబర్ సంస్థ పరీక్షించుచున్న కారు ఢీకొనగా ఆమె మరణించినది. యంత్రము ఆమెను చూడకపోలేదు. చూచి, వాహనమని యొకసారి, సైకిలని యొకసారి, మరేదియో యని యొకసారి పేర్లు మార్చుకొనుచు కాలము పోగొట్టుకొన్నదని విచారణలో తేలినది.

హైదరాబాదు నుండి బెంగళూరునకు వచ్చు 44వ జాతీయ రహదారి మీద రాత్రివేళ ప్రయాణము చేసినవారు ఒక వింత నెరుగుదురు. రోడ్డు నడుమ ఒక చెట్టుకొమ్మ, దాని ప్రక్క నాలుగు రాళ్లు పడియుండును. కొంతదూరమున ఇరుసు విరిగిన లారీ యొకటి దీపము లేకుండ ఆగియున్నదని దాని యర్థము. ఏ మోటారు వాహన నియమములోను లేని ఈ సంకేతమును మన డ్రైవరు క్షణములో చదువుకొని ప్రక్కకు తప్పుకొనును. యంత్రమునకు కొమ్మ కొమ్మగానే కనబడును. ఎండబెట్టిన మొక్కజొన్నలును, ఎదురుదారిని వచ్చు ట్రాక్టరును, గొర్రెలమందను దాటించుటకై చేయెత్తి నిలిచిన కాపరియు ఇట్టివే. ఇవి నేర్పరానివి గావు. కాని ఒక్కొక్కటిగా, ఓపికతో, ఇక్కడి రోడ్ల మీదనే నేర్పవలసినవి.

అమెరికాలో జరిగిన కథ

2004 మార్చిలో అమెరికా రక్షణశాఖకు చెందిన దార్పా సంస్థ మొహావీ ఎడారిలో 228 కిలోమీటర్ల పందెము పెట్టగా, బయలుదేరిన 15 బండ్లలో ఒక్కటియు 12 కిలోమీటర్లు దాటలేదు. మరుసటి యేడే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారి స్టాన్లీ అను కారు 212 కిలోమీటర్ల దారిని ముగించి గెలిచినది. ఆ గెలుపుతో ఆశలు ఆకాశమునంటినవి. 2016 అక్టోబరులో ఉబర్‌కు చెందిన ఒట్టో కంపెనీ లారీ దాదాపు 50,000 బీరు డబ్బాలతో కొలరాడోలో 190 కిలోమీటర్లు పోయినది. హైవే మీద డ్రైవరు స్టీరింగు విడిచి వెనుకనున్న పడకకు చేరెను. రెండేండ్లు తిరుగకుండగనే ఉబర్ ఆ లారీల ప్రయత్నమును విరమించినది. స్టార్‌స్కీ అను కంపెనీ 2020లో మూతబడినది. ట్యూసింపుల్ 2021 డిసెంబరులో అరిజోనాలో మనిషి లేకుండ లారీ నడిపించి చూపి, 2023లో అమెరికాలో వ్యాపారము చాలించుకొన్నది. పెట్టుబడిదారుల ఓపికకును, యంత్రపు చదువునకును నడక కుదరలేదు.

ఈ శిథిలముల నడుమ నిలిచినది అరోరా అను సంస్థ. 2025 ఏప్రిలు చివర టెక్సస్ రాష్ట్రములో డల్లస్, హ్యూస్టన్ నగరముల మధ్య డ్రైవరు లేని లారీతో కిరాయి సరకు రవాణా ప్రారంభించినది. కొన్ని వారములకే, లారీ నిర్మించిన ప్యాకార్ కంపెనీ కోరికపై, డ్రైవరు సీటులో మరల ఒక మనిషిని కూర్చుండబెట్టవలసి వచ్చినది. ఆ మనిషి స్టీరింగు ముట్టడనియు, చూచుచుండుటయే అతని పని యనియు అరోరా చెప్పినది. నవ్వు పుట్టించు సంగతియే యైనను, చట్టమును, బీమాయు, భయమును కలిసి యంత్రము కంటె మెల్లగా నడచునని తెలిసికొనుటకు ఇది మంచి ఉదాహరణము.

అమెరికావారు ఇంత ధనము ఈ పనిలో పోయుటకు మూలము అక్కడి డ్రైవరు పనిగంటల నియమములో నున్నది. అక్కడ సరకు లారీ డ్రైవరు పది గంటల విశ్రాంతి పిమ్మట, పదునాలుగు గంటల గడువులో పదునొకండు గంటలకు మించి బండి నడుపరాదు. ఆ గంటలను లారీలోని ఎలక్ట్రానిక్ పరికరము లెక్కించుచుండును. గడువు తీరగానే లక్షల డాలర్ల సరకుతో లారీ రోడ్డు ప్రక్కన నిద్రపోవలసినదే. నిద్ర లేని యంత్రము అచ్చట యజమానికి రోజులో సగమును మిగిల్చును. మన దేశములో ఈ లెక్క ఏమగునో ముందు చూతము.

స్టీరింగు పట్టుట పనిలో ఎన్నవ వంతు?

యంత్రపు లారీని కలలోనైన తలంపనివారు 1961లో వ్రాసిన మోటారు ట్రాన్స్‌పోర్టు కార్మికుల చట్టము, డ్రైవరు పనిని మూడు పాళ్లుగా విడదీసి చూపినది. మొదటిది బండి నడచు కాలమున చేయు పని. రెండవది అనుబంధపు పని: లెక్కలు వ్రాయుట, రిజిస్టరులో సంతకము చేయుట, బండిని షెడ్డు నుండి తెచ్చుట, మరల చేర్చుట, మరమ్మతు చేయుట, సరకు నెక్కించుట, దించుట. మూడవది కనిపెట్టుకొని యుండుట. పిలిచినపుడు పలుకుటకై అక్కడ నిలిచియుండుటయే ఆ పని. టెర్మినలులో పదునైదు నిమిషములకు లోబడిన నిరీక్షణను మాత్రమే ఆ చట్టము పనిగంటలలో చేర్చినది. లారీ డ్రైవరు నిరీక్షణ దినముల తరబడి సాగునని తెలిసినవారు ఆ వాక్యము చదివి చిరునవ్వు నవ్వుకొందురు.

హైదరాబాదు బాలానగరులో యంత్రభాగములు ఎక్కించుకొని బెంగళూరు పీణ్యకు వచ్చు డ్రైవరు చేయు పని చూడుడు. లోడు ఒక ప్రక్కకు ఒరుగకుండ పేర్పించి, పట్టా కప్పి, తాళ్లు బిగింపించును. ఇనుపకడ్డీతో టైర్లను తట్టి, చప్పుడును బట్టి గాలి తెలిసికొనును. సరకు వెంట నుండవలసిన ఈ-వే బిల్లు అను పత్రపు గడువును చూచుకొనును. 200 కిలోమీటర్లకు ఒక దినము చొప్పున దాని గడువు సాగును గనుక, దారిలో బండి చెడినచో ఓనరుకు ఫోను చేసి గడువు పొడిగింపించును. కర్నూలు, గుత్తి, అనంతపురము, పెనుకొండ దాటి బాగేపల్లి టోల్‌గేటు చేరునంతలో ఆపినవారికందరకు కాగితములు చూపును. రాత్రి ఆగినచోట డీజిలు దొంగల భయమున కాబినులోనే పండుకొనును, అప్పుడతడు కావలివాడు. పగటివేళ భారీ వాహనములకు నగరములో ఆంక్షలుండుటచే శివారున చీకటి పడువరకు వేచియుండును. గోడౌనులో హమాలీలతో బేరమాడును. తరుగు వచ్చినచో మాటపడువాడును అతడే. ఇన్నిటిలో యంత్రము తీసికొనదలచినది హైవే మీద స్టీరింగు పట్టుట యొక్కటియే.

అట్లయినచో డ్రైవరుకు భయము లేదా? ఉన్నది, అది వేరు రూపమున నున్నది. కిలోమీటర్ల మీద, ట్రిప్పుల మీద వచ్చు బత్తా, కిరాయి అన్నియు ఆ హైవే భాగమునకే ముడిపడి యున్నవి. కావలి కాయుట, కాగితము చూపుట, తాడు బిగించుట, వేచియుండుట అనువానికి నేడును విడిగా వెల లేదు. వెల గల పనిని యంత్రము తీసికొని, వెల లేని పనులను మనిషికి విడిచిపెట్టినచో, ఉద్యోగము పేరుకు నిలిచి జీతము తరిగిపోవును. సీటు ఖాళీ యగుట కంటె ఇది సూక్ష్మమైన నష్టము, గణాంకములకు దొరకనిది.

ఇట్టి తరుగుదల యంత్రము లేకయే మన కన్నుల ముందు ఒకసారి జరిగినది. ఒకప్పుడు లారీలో ఇద్దరు డ్రైవర్లును, ఒక క్లీనరును ఉండెడివారు. నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లుండవలెనని అప్పటి నియమము. క్లీనరు కుఱ్ఱవాడు టైర్లు మార్చుచు, బండి వెనుకకు పోవునపుడు బాడీ తట్టి కేకలు వేయుచు, ఖాళీ రోడ్డు మీద గురువు దయ తలచిన రాత్రి స్టీరింగు పట్టుచు డ్రైవరయ్యెడివాడు. కిరాయిలు గిట్టుబాటు గాక క్లీనరును మాన్పించిన ఓనర్లెందరో. 2018లో కేంద్ర మోటారు వాహన నియమములను సవరించి, ఫాస్టాగును, బండి జాడ తెలుపు పరికరమును అమర్చిన లారీకి ఒక్క డ్రైవరు చాలునన్నారు. ఇద్దరి పని ఒకని భుజము మీద పడినది. డ్రైవరును తయారుచేయు బడియు పోయినది. నేడు డ్రైవర్లు దొరకుట లేదని యజమానులు వాపోవుచున్నారు. కొరత 22 లక్షలని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ 2025లో చెప్పియున్నారు. ఈ రెండు సంగతులకును సంబంధము లేదనుకొనుట నాకు సాధ్యము గాదు.

బెంగళూరు చేరువలో

అదే మంత్రి 2017లోను, మరల 2023 డిసెంబరులోను, డ్రైవరు లేని కార్లను దేశములోనికి రానీయనని ప్రకటించిరి. డెబ్బది, ఎనుబది లక్షలమంది డ్రైవర్ల బ్రతుకు దెబ్బతినునని రెండవసారి చెప్పిరి. అయితే ఈ నిషేధము ప్రజారహదారులను గూర్చినది. కర్మాగారపు గోడ లోపల ఎవరి యనుమతియు నక్కరలేదు. బెంగళూరులో 2017లో పుట్టిన ఆటీ మోటార్స్ కంపెనీ, షెర్పా అను పేరుతో డ్రైవరు లేని సరకు బండ్లను నిర్మించి కర్మాగారములలో నడపించుచున్నది. ఈ నగరమునందే 2023లో స్టీరింగు లేని బండిని ప్రదర్శించిన మైనస్ జీరో కంపెనీ, హోసూరులో కర్మాగారములు గల అశోక్ లేలాండ్‌తో 2025లో ఒప్పందము చేసికొన్నది. నౌకాశ్రయములు, కర్మాగారముల ఆవరణలు మొదలుగాగల చిన్న దారులలో ముందు లారీలను నడిపించుట వారి యుద్దేశము. ఆస్ట్రేలియాలోని పిల్బరా ఇనుపగనులలో రియో టింటో కంపెనీ 2008 నుండి డ్రైవరు లేని భారీ ట్రక్కులను వాడుచున్నది. దారి తెలిసినది, ఎదురు వచ్చువారు తెలిసినవారు. బయటి రోడ్ల చెట్టుకొమ్మ పరీక్ష అచ్చట లేదు. కావున మన దేశమునను ఈ బండ్లు ముందు గనులలోను, రేవులలోను, గోదాములలోను మనిషిని తప్పించును. 44వ నంబరు రహదారి మీదికి అవి రావలెనన్న చాల కాలము పట్టును.

అందులకు మరియొక కారణము గలదు. మన లారీ ఖర్చులో పెద్దవాటా డీజిలుది. పిమ్మట టోలు, టైర్లు, కంతులు. డ్రైవరు జీతబత్తెము వీని ముందు చిన్నది. లక్షల విలువ గల లైడార్లను అమర్చి ఆ చిన్న మొత్తమును మిగిల్చుకొనుటకు ఏ ఓనరును తొందరపడడు. అమెరికాలో యంత్రమునకు మార్గము వేసిన విశ్రాంతి నియమము మన దేశములోను 1961 నుండి గలదు: దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలుబది యెనిమిది. అది కాగితము దాటి కాబినులోనికి రాలేదు. పదునాలుగు, పదునారు గంటలు మనిషియే నడుపుచున్న చోట నిద్ర లేని యంత్రమునకు మిగులు లాభము తక్కువ. మన డ్రైవరును యంత్రము నుండి నేడు కాపాడుచున్నది మంత్రి ప్రకటన గాదు. అతని చవకతనమును, అతని నిద్రలేమియును.

నిద్రలేమిని తగ్గించుటకు యంత్రమే కావలెనని లేదు. 2014లో పుట్టిన గురుగ్రామ్ కంపెనీ రివిగో, నాలుగైదు గంటలకొక డ్రైవరును మార్చి, ఎదురు వచ్చు లారీలో అతనిని తిరిగి ఇంటికి చేర్చు పద్ధతిని నడపినది. 2022లో ఆ కంపెనీ ఎక్స్‌ప్రెస్ రవాణా వ్యాపారము మహీంద్రా లాజిస్టిక్స్ చేతికి పోయినది. 2020 ఆగస్టులో నైరుతి రైల్వే నెలమంగల నుండి సోలాపురము చేరువనున్న బాలె వరకు, 682 కిలోమీటర్లు, నిండు లారీలను రైలు వ్యాగన్ల మీద ఎక్కించి పంపుట ప్రారంభించినది. నలుబదికి పైబడిన లారీలను ఒక్క ఇంజను లాగికొనిపోవుచుండగా, డ్రైవర్లు తమ బండ్ల వెంటనే సాగుదురు. లారీ తనంతట తాను పోవుట యను కలకు ఇది మోటు రూపమే గాని, డ్రైవరుకు ఒక రాత్రి నిద్ర దొరకు రూపము.

ఎనిమిది గంటల నియమమును నిజముగ అమలు జరిపినచో డ్రైవరు వెల పెరుగును. వెల పెరిగినచో యంత్రమునకు దారి సుగమమగును. ఈ చిక్కును దాచుట న్యాయము గాదు. అయినను అలసిన మనిషిని చవకగా నుంచి ఉద్యోగము కాపాడితిమని చెప్పుకొనుట కంటె, అతని గంటలను లెక్కించుటయే మేలు. 1961 చట్టము స్థానమున క్రొత్త కార్మిక కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. ఎనిమిది గంటల మాట అందులోను నిలిచియున్నది. ప్రతి లారీ ఏ టోల్‌గేటును ఏ నిమిషమున దాటినదో ఫాస్టాగు వ్రాసికొనుచునే యున్నది. ఆ బండిని అప్పుడు నడపిన డ్రైవరెవరో యజమాని వ్రాసి యిచ్చునట్లు చేసినచో, బాలానగరు నుండి పీణ్య వరకు అతడు ఎన్ని గంటలు మేలుకొనెనో రవాణాశాఖవారు బల్ల ముందు కూర్చుండియే తెలిసికొనవచ్చును. ఆ లెక్కను ఈ యేడే మొదలిడుడని వారిని కోరుచున్నాను.